చిట్టా పెద్దది, చెవులు రెండే

పాశ్చాత్య దేశాల్లో పెద్ద ఆర్కెస్ట్రాల సీజన్ సెప్టెంబరులో మొదలై జూన్ నాటికి ముగుస్తుంది. ఆ తర్వాత రెండు మూడు నెలలు విద్వాంసులకి తీరిక. నగరాల ఉక్కపోత తప్పించుకుని కొండ ఊళ్లకీ, సముద్రపు ఒడ్డుకీ, అడవుల మధ్యకీ చేరతారు. నలుగురు కలిస్తే వాయించకుండా ఉండలేరు కదా. కండక్టరు లేకుండా కొద్దిమందే కలిసి వాయించే ఛాంబర్ మ్యూజిక్ వేసవి ఉత్సవాలు చాలావరకు అలా పుట్టినవే. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు తీరంలో బ్లూ హిల్ అనే ఊళ్లో వయోలిన్ విద్వాంసుడు ఫ్రాంజ్ క్నైజెల్ 1902లో ప్రారంభించిన వేసవి సంప్రదాయం ఇంకా నడుస్తోంది. ఫిన్లాండ్‌లో రష్యా సరిహద్దుకి దగ్గరున్న కుహ్మో అనే చిన్న ఊరు 1970 నుంచి జులై వస్తే ఈ సంగీతంతోనే నిండిపోతుంది. సియాటిల్‌లో చెల్లో విద్వాంసురాలు టోబీ సాక్స్ 1982లో ఒక ఉత్సవం మొదలుపెట్టారు. కాలిఫోర్నియా బే ఏరియాలో డేవిడ్ ఫింకెల్, వు హాన్ దంపతులు 2003లో 'మ్యూజిక్ ఎట్ మెన్లో' పెట్టారు.

సియాటిల్, బే ఏరియా పేర్లు వినగానే మీకు గుర్తొచ్చేది సంగీతం కాదని నాకు తెలుసు. మన పిల్లలున్న ఊళ్లు అవి. ఎండాకాలం రాగానే ఇక్కడి నుంచి అమ్మానాన్నలు ఆవకాయ జాడీలతో సహా దిగే ఊళ్లు. పిల్లలు ఆఫీసుకి వెళ్లాక, మనవడు సమ్మర్ క్యాంపుకి వెళ్లాక, ఆ పెద్ద ఇంట్లో పగలు ఎంతకీ గడవదు. ఈ అధ్యాయం ముందు వాళ్ల కోసం, తర్వాత ఆ పిల్లల కోసం. హైదరాబాదులోనో విశాఖలోనో ఉండి ఎప్పటికైనా ఇలాంటి కచేరీ ఒకటి వినాలనుకునేవాళ్లకీ పనికొస్తుంది.

ఉత్సవం ప్రోగ్రాం మీ చేతికొచ్చిందనుకోండి. మూడు నాలుగు వారాలు, డజనుకి పైగా కచేరీలు, ఒక్కో కచేరీలో మూడేసి కృతులు, నోరు తిరగని పేర్లు. ఇక్కడే రెండు రకాలవాళ్లు బయటపడతారు. ఒకరు బెదిరి కాగితం మడిచేస్తారు. రెండోవారు 'ఇంత దూరం వచ్చాం, అన్నీ చూసేద్దాం' అని వరసగా టికెట్లు కొంటారు. ఈ రెండోవారి సంగతే నాకు ఎక్కువ దిగులు. చెన్నైలో మార్గశిర సీజన్లో పొద్దున ఒక సభ, మధ్యాహ్నం ఒక సభ, సాయంత్రం ఇంకొకటి తిరిగేవాళ్లని అడిగి చూడండి, క్యాంటీన్లో ఏ దోసె బాగుందో చెప్తారు గానీ ఏ రాగం విన్నారో తడుముకుంటారు. విస్తరి నిండా వడ్డించారు కదా అని అన్నీ తినం. మొదటి వేసవికి ఒక్క కచేరీ చాలు. ఆ కచేరీలో కూడా ఒక్క కృతి మీద పెట్టండి మీ ధ్యాస అంతా. మిగతా రెండూ చెవిన పడితే పడతాయి, లేకపోతే లేదు.

ఆ ఒక్కటి ఎలా ఎంచుకోవాలి? ప్రోగ్రాంలో ఒక పంక్తి చదవడం వస్తే సగం భయం పోతుంది. ఉదాహరణకి, 'ద్వోర్జాక్, స్ట్రింగ్ క్వార్టెట్, ఎఫ్ మేజర్, ఓపస్ 96' అని ఉంటుంది. మొదటిది వాగ్గేయకారుడి పేరు వంటిది, రచయిత ఎవరో చెప్తుంది. రెండోది ఎంతమంది, ఏ వాద్యాలు అన్నది. స్ట్రింగ్ క్వార్టెట్ అంటే రెండు వయోలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. పియానో ట్రియో అంటే పియానో, వయోలిన్, చెల్లో. పియానో క్వింటెట్ అంటే మామూలుగా క్వార్టెట్‌కి పియానో తోడు. మూడోది కృతి ఏ స్వరాన్ని ఆధారం చేసుకుని నడుస్తుందో చెప్తుంది, అయితే మన షడ్జంలా అది చివరిదాకా కదలకుండా ఉండదు, మధ్యలో వేరే చోటికి వెళ్లి తిరిగొస్తుంది. నాలుగోది అచ్చయిన వరస సంఖ్య, దాన్ని మీరు పట్టించుకోనక్కర్లేదు. దాని కింద సన్న అక్షరాల్లో ఉండే ఇటాలియన్ మాటలు కృతిలోని భాగాలు, అంటే మూవ్‌మెంట్లు. 'అలెగ్రో' అంటే చురుకైన నడక, 'లెంటో' అంటే విలంబం, 'వివాచే' అంటే ఇంకా హుషారు. మన విలంబ, మధ్య, ద్రుత కాలాలు తెలిసినవాళ్లకి ఇదేం బ్రహ్మవిద్య కాదు.

కచేరీ అల్లిక కూడా చాలాచోట్ల ఒక తీరుగానే ఉంటుంది. ముందు హైడనో మొజార్టో, తేలికగా. తర్వాత కాస్త కొత్త కాలపుది. విరామం. చివర బరువైనది, బ్రామ్స్, షూబర్ట్, ద్వోర్జాక్ వంటివారిది. కొత్తదాన్ని మధ్యలో ఎందుకు పెడతారంటే, మొదట పెడితే జనం ఆలస్యంగా వస్తారు, చివర పెడితే ముందే వెళ్లిపోతారు.

మొదటిసారికి నా ఓటు ఇందాక చెప్పిన ద్వోర్జాక్ క్వార్టెట్‌కే. 'అమెరికన్' అనే పేరుతో ప్రసిద్ధం, వేసవి ఉత్సవాల్లో తరచూ వినపడుతుంది. పుట్టుక కూడా వేసవిదే. చెక్ దేశీయుడైన ద్వోర్జాక్ న్యూయార్క్‌లో నేషనల్ కన్సర్వేటరీకి డైరెక్టరుగా 1892లో వచ్చాడు. మరుసటి వేసవిలో భార్యాపిల్లలతో అయోవా రాష్ట్రంలో స్పిల్‌విల్ అనే పల్లెకి వెళ్లాడు. అక్కడున్నవాళ్లలో ఎక్కువమంది చెక్ వలసదారులు. చెవినిండా సొంత భాష, చర్చిలో వాయించడానికి ఆర్గన్, పొద్దున్నే పిట్టల కూతలు. పరాయి దేశంలో మనవాళ్ల కాలనీ దొరికినప్పుడు మనిషికి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా. మూడు రోజుల్లో క్వార్టెట్ చిత్తుప్రతి రాసేశాడు, 1893 జూన్ 23 నాటికి మొత్తం పూర్తిచేశాడు. మరుసటి జనవరి 1న బోస్టన్‌లో దాన్ని మొదట జనం ముందు వాయించింది క్నైజెల్ బృందమే, బ్లూ హిల్ క్నైజెల్.

దాని ఆరంభం దగ్గరగా వినండి. రెండు వయోలిన్లూ సన్నగా వణుకుతున్నట్టు మొదలుపెడతాయి. కింద చెల్లో ఒక్క స్వరాన్ని పట్టుకుని నిలబడుతుంది, తంబురా ఉన్నట్టే ఉంటుంది ఆ క్షణం. వాటి మధ్య నుంచి వయోలా పైకి లేచి పాట అందుకుంటుంది. సాధారణంగా ఈ గౌరవం మొదటి వయోలిన్‌ది. కానీ ద్వోర్జాక్ స్వయంగా వయోలా వాయించినవాడు, తన వాద్యానికే ఇచ్చుకున్నాడు. ఆ పాటలో స్వరాలు ఐదే: స, రి, గ, ప, ద. మధ్యమం లేదు, నిషాదం లేదు. సంగీతం నేర్చుకోని తెలుగు చెవి కూడా 'ఇది మోహన కదూ' అనుకుంటుంది. గమకాలు ఉండవు, రాగాలాపన ఉండదు, కాసేపటికే కృతి వేరే స్వరాల్లోకి జారిపోతుంది. అయినా గుమ్మంలో అడుగు పెట్టగానే తెలిసిన ముఖం కనపడినట్టుంటుంది. వయోలా అంటే ఏమిటో తెలియదంటారా? మంగళంపల్లి బాలమురళీకృష్ణ కచేరీల్లో వాయించిన వాద్యాల్లో అదొకటి. వయోలిన్ కంటే కాస్త పెద్దది, గొంతు కాస్త కిందిది.

మూడో మూవ్‌మెంట్లో మొదటి వయోలిన్ బాగా పైస్థాయిలో ఒక చిన్న కూత కూస్తుంది. స్పిల్‌విల్‌లో విన్న పిట్టదేనట. అది ఏ పిట్ట అన్నదానిపై ఇప్పటికీ వాదనలున్నాయి. మనకెందుకు, కూత వినపడితే చాలు.

ఈ క్వార్టెట్ మీ ఉత్సవంలో లేకపోతే షూబర్ట్ 'ట్రౌట్' క్వింటెట్ చూడండి. 1819లో, ఇరవై రెండేళ్ల వయసులో రాసినది. క్వార్టెట్‌లో ఉండే రెండో వయోలిన్ తీసేసి డబుల్ బేస్ పెట్టాడు, దాంతో పియానోకి మెరవడానికి చోటు దొరికింది. మెండెల్సన్ ఎనిమిది మంది కోసం రాసిన ఆక్టెట్ అయితే మనవలతో వెళ్లొచ్చు, అది రాసేనాటికి అతనికి పదహారేళ్లు. మొజార్ట్ క్లారినెట్ క్వింటెట్ కూడా మంచిదే. బీథోవెన్ చివరి క్వార్టెట్లు మాత్రం మొదటి వేసవిలో వద్దు. ఓపస్ 131 ఏడు మూవ్‌మెంట్లు, మధ్యలో ఆపరు, నలభై నిమిషాల పైచిలుకు. తిరువయ్యారులో త్యాగయ్య కృతులు కడుతున్న కాలంలోనే వియన్నాలో వినికిడి పోయిన మనిషి రాసినది. గొప్పదే. కానీ గొప్పదని చెప్పి తెలియనివాళ్ల నెత్తిన రుద్దితే రెండోసారి హాలు వైపే చూడరు.

ఎంచుకున్నాక చేయాల్సిన పని ఇంటి దగ్గరే ఉంది. కచేరీకి వారం ముందు ఆ ఒక్క కృతి రికార్డింగ్ సంపాదించండి. మొదటిసారి వంట చేసుకుంటూనో నడుస్తూనో వినండి, ఏమీ అర్థం చేసుకోవద్దు. ఇంకో రోజు ఖాళీ చేతులతో కూర్చుని వినండి. ఫోను పక్కగదిలో ఉండాలి. ఆ తర్వాత మొదటి రెండు నిమిషాలు మాత్రం మళ్లీ మళ్లీ వినండి, మీరు కూనిరాగం తీయగలిగేదాకా. ఆ ఆరంభం నోటికొచ్చిందంటే, హాల్లో అది తిరిగొచ్చిన ప్రతిసారీ గుర్తుపడతారు. ఈ కృతుల్లో మొదటి మూవ్‌మెంట్ కట్టుబాటే అంత, మొదట చెప్పిన మాట మధ్యలో చెదిరిపోయి చివర్లో తిరిగొస్తుంది. ఎప్పుడు తిరిగొస్తుందా అని కాచుకోవడమే సగం ఆనందం. మన దగ్గర పల్లవి దగ్గరికి తిరిగొచ్చినప్పుడు తల ఊపుతాం చూడండి, అక్కడ కూడా లోపల అదే జరుగుతుంది. పైకి కనపడదు, అంతే.

పైకి కనపడకపోవడం మనవాళ్లకి నిజంగా కష్టం.

'ఏమే, తొడమీద తాళం కూడా వేయకూడదా?' అని అమ్మ అడుగుతుంది. 'వద్దమ్మా, పక్కవాళ్లు చూస్తారు' అంటుంది కూతురు. 'మరి బాగుంటే భేష్ అనొద్దా?' 'అనొద్దు.' 'అయితే వాళ్లకి ఎలా తెలుస్తుందే బాగుందని?' అమ్మ ప్రశ్న న్యాయమైనది. నిజానికి ఈ నిశ్శబ్దం ఆది నుంచీ ఉన్న ఆచారం కాదు. 1778లో ప్యారిస్‌లో తన సింఫనీ వాయిస్తుంటే జనం మధ్యలోనే చప్పట్లు కొట్టారని మొజార్ట్ తండ్రికి ఉత్తరంలో సంబరంగా రాసుకున్నాడు. ఊపిరి బిగబట్టి కూర్చునే మర్యాద తర్వాతి శతాబ్దంలో స్థిరపడింది. అయినా ఇప్పుడు వాళ్లిల్లు, వాళ్ల పద్ధతి. మూవ్‌మెంటుకీ మూవ్‌మెంటుకీ మధ్య చప్పట్లు వద్దు. అయిపోయిందో లేదో తెలియకపోతే కమానుల వంక చూడండి. కమానులు గాల్లో ఉన్నంతసేపూ అయిపోనట్టే. కిందికి దించి, భుజాలు వదులు చేసి, ఒకరినొకరు చూసుకున్నారంటే అప్పుడు చేతులు కలపండి. అప్పుడు మాత్రం గట్టిగా కొట్టండి, మొహమాటపడకండి.

కొన్ని చిల్లర జాగ్రత్తలు. హాల్లో ఏసీ చలి ఎక్కువ, శాలువా తీసుకెళ్లండి. దగ్గు బిళ్ల కాగితం ముందే విప్పి రుమాల్లో పెట్టుకోండి, నిశ్శబ్దంలో ఆ కాగితం చప్పుడు వినని హాలంటూ ఉండదు. గాజులు నిండా వేసుకుంటే మీకు వినపడదు గానీ ముందు వరసకి వినపడుతుంది. ఆలస్యమైతే తలుపు దగ్గరే ఆపేస్తారు, కృతి అయ్యాకో విరామంలోనో లోపలికి పంపుతారు. పియానో ఉన్న కచేరీ అయితే హాలు ఎడమ వైపు కూర్చోండి, చేతులు కనపడతాయి. క్వార్టెట్ అయితే ఎక్కడైనా సరే, వీలైనంత ముందు వరసలో. ఉచితంగా జరిగేవాటి మీద కూడా కన్నేయండి. ఉత్సవాల్లో కుర్ర విద్వాంసుల కచేరీలు, పాఠం చెప్పే మాస్టర్ క్లాసులు, పార్కు కచేరీలు ఉంటాయి. ఎడతెగకుండా కదిలే పిల్లలున్న ఇంటికి పార్కు కచేరీని మించింది లేదు.

ముందు వరస ఎందుకంటున్నానంటే, వినడంలో సగం చూడటమే. ఆర్కెస్ట్రాకి ఉన్నట్టు ఇక్కడ ఎదురుగా కర్ర పట్టుకున్న కండక్టరు ఉండడు. మరి నలుగురూ ఒక్కసారిగా ఎలా మొదలుపెడతారు? మొదటి వయోలిన్ విద్వాంసురాలు ముక్కుతో చప్పుడయ్యేలా ఊపిరి పీలుస్తుంది, అదే వేగంతో వయోలిన్ తల పైకి లేస్తుంది. ఆ ఊపిరి ఎంత పొడుగో కృతి నడక అంత నెమ్మది. మిగతా ముగ్గురూ ఆమె చేతుల్ని కాదు, ఊపిరినే పట్టుకుంటారు. తర్వాత ఆ పెత్తనం చేతులు మారుతుంది. చెల్లోకి పాట వచ్చినప్పుడు వయోలిన్లు చటుక్కున గొంతు తగ్గిస్తాయి. ఎవరు తగ్గారో, ఎవరు తగ్గనన్నారో చూడటం ఒక సరదా. మీరు మొదటి వయోలిన్‌ని వదిలి రెండో వయోలిన్నో వయోలానో కళ్లతో పట్టుకుని ఒక మూవ్‌మెంటంతా వినండి. పైపాట ఎలాగూ చెవిన పడుతుంది. లోపలి దారం పట్టుకోవడమే అలవాటు చేసుకోవాల్సింది.

కార్పొరేట్ శిక్షకులు ఈ క్వార్టెట్ బొమ్మ చూపించి 'టీమ్‌వర్క్' మీద ఉపన్యాసాలిస్తుంటారు. నాకా వరస నచ్చదు. ఆఫీసులో నలుగురూ సమానం కాదు, అప్రైజల్ రాసేవాడు ఒకడుంటాడు. ఈ అధ్యాయం వ్యక్తిత్వ వికాస పుస్తకంలో ఎందుకుందంటే కారణం అంతకంటే చిన్నది: ఫోను ముట్టకుండా ఇరవై అయిదు నిమిషాలు ఒక్క విషయం మీద నిలబడగలిగే శక్తి మనలో చాలామందికి తరిగిపోయింది. దాన్ని తిరిగి తెచ్చుకునే కసరత్తుల్లో ఇంత హాయైనది నాకు ఇంకోటి కనపడలేదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా తలకిందులయ్యే ఉత్సవం ఒకటుంది. వెర్మాంట్ రాష్ట్రపు కొండల్లో మార్ల్‌బరో. నాజీల పాలనలో కచేరీ చేయనని జర్మనీకి దూరమైన వయోలిన్ విద్వాంసుడు అడాల్ఫ్ బుష్, అతని అల్లుడు పియానిస్టు రుడాల్ఫ్ సెర్కిన్, చెల్లో వాయించే బుష్ తమ్ముడు హెర్మన్, ఫ్రాన్స్‌కి చెందిన మోయిజ్ కుటుంబం కలిసి 1951లో మొదలుపెట్టారు. చెల్లో దిగ్గజం పాబ్లో కసాల్స్ 1960 నుంచి ఇక్కడికి వస్తూ ఉండేవారు. ఏడు వారాల పాటు పేరుమోసినవాళ్లూ ఇప్పుడిప్పుడే పైకొస్తున్న కుర్రాళ్లూ ఒకే బల్ల దగ్గర అన్నం తింటారు, ఒకే కృతిలో పక్కపక్కన వాయిస్తారు. గురువు, శిష్యుడు అని వేరుచేయరు. భోజనాల గదిలో కాగితం నాప్కిన్లు ఉండలు చుట్టి విసురుకోవడం అక్కడి పాత అల్లరి. అక్కడికి వచ్చే దారిలో 'సంగీతకారులు ఆడుకుంటున్నారు, జాగ్రత్త' అనే అర్థం వచ్చే బోర్డు ఉంటుంది.

అక్కడ రాబోయే కచేరీల్లో ఏం వాయిస్తారో నెలల ముందు ఎవరికీ తెలియదు, వాయించేవాళ్లతో సహా. ఏ కృతి నేర్చుకోవాలో వాళ్లే కోరుకుంటారు, వారాల తరబడి సాధన చేస్తారు. పండిందనుకున్నదే వేదిక ఎక్కుతుంది, అదీ కచేరీకి సుమారు వారం ముందు ప్రకటిస్తారు. సాధన చేసినవాటిలో చాలా కృతులు ఆ వేసవికి వేదిక ముఖమే చూడవు. గార్నేరీ క్వార్టెట్ అనే ప్రసిద్ధ బృందం 1964లో పుట్టింది ఈ సాధన గదుల నుంచే, నాలుగున్నర దశాబ్దాలు కలిసి వాయించింది. జనం కృతి పేరు తెలియకుండానే టికెట్లు కొంటారు, జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా వారాంతాల్లో ఆ కొండెక్కి వస్తారు.

మీలో ఏదైనా నేర్చుకుంటున్నవాళ్లు, వీణో, వంటో, కోడింగో, ఈ పద్ధతిని ఒక్కసారి ఆలోచించండి. మనకి తేదీ ముందు ఖాయమవుతుంది, సాధన తర్వాత దాని వెనక పరిగెడుతుంది. పిల్లల అరంగేట్రాలు చూస్తూనే ఉన్నాం: హాలు బుక్ చేశాక, వీడియో వాళ్లకి అడ్వాన్సు ఇచ్చాక, ఆఖరి నెలలో పిల్లని నిద్ర పోనివ్వరు. తేదీ లేకపోతే పని కదలదన్నదీ నిజమే, అది కాదనను. మార్ల్‌బరోలోనూ వారాంతం కచేరీ ఖాయమే. ఖాయం కానిదల్లా ఏ కృతి అన్నది. మీ ఇంట్లోనూ అలా చేయొచ్చు. నెలకో సాయంత్రం ఇంట్లోవాళ్ల ముందు వినిపిస్తానని మాటివ్వండి, ఏం వినిపిస్తారో మాత్రం ఆ వారమే చెప్పండి. నేర్చుకుంటున్న నాలుగింట్లో పండినది ఒక్కటే బయటికి రానివ్వండి. మిగతా మూడు పచ్చిగా ఉన్నా సిగ్గుపడక్కర్లేదు, వాటిని ఎవరూ అడగలేదు కదా.

శ్రోతగా మార్ల్‌బరోకి వెళ్లేవాళ్లు ప్రకటన వచ్చిన ఆ వారంలోనే ఇంటిపాఠం చేసుకోవాలి, లేదా ఏమీ వినకుండా వెళ్లాలి. రెండోది రెండో మూడో వేసవికి ఉంచుకోండి.

కచేరీ అయ్యాక కారెక్కగానే అదే కృతి రికార్డింగ్ పెట్టకండి. రికార్డింగ్‌లో తప్పులు దిద్ది ఉంటాయి, దానితో పోల్చి చూస్తే ఇప్పుడే విన్నది చిన్నబోతుంది. ఇంట్లోవాళ్లు 'ఎలా ఉంది' అని అడిగితే 'బాగుంది' అని తేల్చేయకుండా, వయోలా ఏం చేసిందో ఒక్కటి చెప్పండి. రెండు రోజులు ఆగి, ఆరంభం ఇంకా నోట్లో మెదులుతోందేమో చూసుకోండి. మెదులుతుంటే ప్రోగ్రాం మళ్లీ తీయండి. ఈసారి ఒక్క పేరు కూడా తెలియని రోజు చూసి, చివర్న మిగిలిపోయిన చవక టికెట్ కొనండి.